అవ్వ లగ్గం చీర

మా ముత్తాత తండ్రి నిజాం కాలంలో మూడు ఊళ్లకు మాలీపటేలు. ఆ ఊళ్ల శిస్తు ఆయన చేతిమీదుగా సర్కారుకు పోయేది. మా ముత్తాత కూడా మాలీపటేలే. ఊళ్లో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పెద్దపటేలు అనేవాళ్లు. ఆయన ఎదుట లేనప్పుడు కూడా అలాగే అనేవాళ్లు. ఆయన కొడుకు, మా తాత, చిన్నపటేలు. పటేల్గిరి రద్దయిన తర్వాత కూడా తాత పొద్దున్నే రుమాలు చుట్టుకొని అరుగు మీద కూర్చునేవాడు, ఎవరైనా పంచాయితీ తెంపమని వస్తారని. కొన్నాళ్లు వచ్చారు కూడా. మా బాపు దాకా వచ్చేసరికి పిలుపు ఒక్కటే మిగిలింది. బస్టాండు దగ్గర హోటల్లో "రా పటేలా, కూసో" అని పిలిచి చాయ్ చెప్పేవాళ్లు, పైసలు వాళ్లే ఇచ్చేవాళ్లు. బాపు కూర్చునేవాడు గానీ ఆ చాయ్ తాగేవాడు కాదు.

నేను ఆ ఇంటి ఒక్కగానొక్క బిడ్డను. మా ఊరు కేతేపల్లికి ఆనుకొని, మూసీ కాల్వ కింద ఉంటుంది. నేను నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నాకు లగ్గం కుదిరింది. పెళ్లికొడుకుది మహబూబ్‌నగర్. నెమ్మదైన మనిషి, చిన్న ఉద్యోగం. వాళ్లు పెట్టుపోతలేవీ వద్దన్నారు. బట్టలు కూడా ఎవరివి వాళ్లే కొనుక్కుందామన్నారు.

ఆ చివరి మాట విని అందరూ మంచి సంబంధం అన్నారు. నాకు మాత్రం ఆ మాటే నచ్చలేదు. మా వైపు లగ్గం బట్టలు కొనడమంటే రెండు ఇళ్లవాళ్లు కలిసి దుకాణంలో పొద్దంతా కూర్చోవడం. పెళ్లికూతురి చీర మగపెళ్లివాళ్లు పెడతారు. అది తక్కువైతే మాట వాళ్లకు వస్తుంది. ఇప్పుడు ఆ మాట మా ఇంటికే వస్తుంది. చుట్టాలు చీర మడత విప్పుతారు, అంచును బొటనవేలితో రుద్ది చూస్తారు, "ఎంత వెట్టిండ్రు?" అని అడుగుతారు. పటేలు ఇంట్లో ఆ ప్రశ్నకు ఎన్నడూ ఎవరూ తల దించలేదు. నేను దించదలచుకోలేదు.

నా మనసులో ఒక చీర ఉంది. మా నడిమి అర్రలో అవ్వ తాతల లగ్గం ఫోటో ఒకటి ఉండేది. అవ్వ కుర్చీలో నిటారుగా కూర్చొని, నవ్వకుండా, ఫోటో తీసేవాడి మీద కోపం వచ్చినట్టు చూస్తుంటుంది. కట్టుకున్నది గద్వాల చీర. ఒళ్లంతా తెల్లటి నూలు, అంచూ కొంగూ జరీ వేసిన పట్టు. అంచు పొడవునా కోట గోడ మీది కొమ్మల్లా మొనదేలిన వరుస. దాన్ని కోటకొమ్మలంటారు. ఆ చీరే దొరికితే కొత్తది కొనే పని లేదు. ఎవరైనా అంచు రుద్ది చూస్తే అసలు వెండి జరీ అని వాళ్లే చెప్పుకుంటారు. పైగా నాకు రంగుల చీరలంటే అప్పటికే విరక్తి కలిగింది. మూసీ కాల్వలో నురగ తేలుతూ వచ్చేది, పట్నంలో రంగులు కలిపిన నీళ్లన్నీ మా పొలంలోకే వస్తున్నాయని బాపు తిట్టేవాడు. ఆ నీళ్లలోనే మా వరి పండేది. ఒక్క పూట కట్టి బీరువాలో పడేసే చీర కోసం ఇంకో కాల్వ పాడు కావద్దని నేను నిజంగానే అనుకున్నాను.

అవ్వ పోయిన తర్వాత కూడా ఆమె అర్రలో ఆమె టేకు పెట్టె ఉండేది. మూలలకు ఇత్తడి రేకులు కొట్టిన పెద్ద పెట్టె. మూత ఎత్తి చూస్తున్నాను. అమ్మ గడపలో నిలబడి నవ్వింది.

"అండ్ల ఏం దేవులాడుతున్నవే? ఎలుకలు సుత ఖాళీ జేసి పోయినయ్."

"అవ్వ జరీ చీరలేవి?"

"నువ్వు ఇంటర్ల ఉన్నప్పుడే పోయినయ్. పాత జరీ కొనెటోడు సైకిల్ మీద ఒర్లుకుంట వచ్చిండు. వాకిట్లనే కూసొని అంచులన్ని కోసుకొని, ఒళ్లు మనకే పారేసి పోయిండు. నువ్వు పొయ్యి కాడ కుండ దించేటి మసిగుడ్డ లేదా, అది మీ అవ్వ నెమలికంఠం చీరనే."

"తెల్లచీర కూడా?"

"తెల్లచీర అండ్ల లేదు. నేను కాపురానికి వచ్చిన నాడు సుత లేదు. ఒకపారి అడిగితె మీ అవ్వ మొకం తిప్పుకున్నది. మల్ల అడగలె."

ఆ రోజుల్లోనే మా ఊళ్లో ఇంకో లగ్గం కుదిరింది. నాతో నల్లగొండ కాలేజీలో చదివిన అమ్మాయిది. వాళ్లవ్వ మా ఊరి మంత్రసాని. వాళ్లది చర్చికి పోయే కుటుంబం. ఒకప్పుడు గుంట భూమి లేదు. వాళ్ల తాత మా ఇంట్లోనే జీతమున్నాడు. కాలేజీ రోజుల్లో మేమిద్దరం ఒకే బస్సులో నిలబడి పోయేవాళ్లం. తర్వాత ఇద్దరం ఒకే టీచరు పరీక్ష రాశాం. ఆమెకు సర్కారు బడి వచ్చింది, నాకు రాలేదు. తెలివిలో నాకంటే ఎక్కువని నేను ఈనాటికీ ఒప్పుకోను. ఊళ్లో మాత్రం ఆమె పేరెత్తితే "కష్టపడి పైకొచ్చిన పిల్ల" అంటారు. కిందికి దిగినవాళ్లు పడే కష్టానికి మా ఊళ్లో పేరేమీ లేదు.

వాళ్ల కొత్త డాబా మా పెరట్లోంచి కనబడుతుంది. సాయంత్రం మిద్దె మీద బట్టలు ఆరేస్తే, వాటిలో కొత్తవేవో పాతవేవో నేను ఇక్కడి నుంచే చెప్పగలిగేదాన్ని. చూడొద్దనుకుంటూనే చూసేదాన్ని.

ఆమె లగ్గం నాదానికంటే కాస్త ముందుగా పడింది. పత్రిక ఇవ్వడానికి వచ్చింది. వాళ్లవ్వ మా అమ్మను దొరసాని అంటుంది, వాళ్లమ్మ పటేలమ్మ అంటుంది, ఆమె ఆంటీ అంటుంది.

"చీర పట్నంల కొన్నవా బిడ్డా?" అని అమ్మ అడిగింది.

"కొంటలేను ఆంటీ. ఇంట్ల పాతదొకటున్నది, అదే కట్టుకుంట. బడిల పిల్లలకు అది పారేయకుండ్రి, నీళ్లు ఖరాబు జేయకుండ్రి అని రోజు నేనే చెప్తుంట. నా లగ్గానికి వచ్చేసరికి కొత్త పట్టుచీర కొంటె వాళ్లు నవ్వరా?"

"మీ అమ్మ ఒప్పుకున్నదా?"

"ఒకటే లొల్లి. నౌకరి జేసే పిల్ల పాత చీర కట్టుడేంది అని ఏడ్సింది. ఏడ్సి ఏడ్సి ఊకున్నది."

ముగ్గురం నవ్వాం. ఆమె వెళ్లాక అమ్మ, "ఎంత బుద్ధిమంతురాలో సూడు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నీళ్లు, కాల్వ, పాత చీర. నేను చుట్టాల ముందు చెప్పాలని దాచిపెట్టుకున్న మాటలన్నీ మా ఇంట్లోనే, నా మంచం మీద కూర్చొని, నాకంటే ముందు ఆమె చెప్పి పోయింది. పైగా ఆ మాటలు ఆమెకు అతికాయి. ఆమె కావాలంటే పట్టుచీర కొనగలదని ఊరందరికీ తెలుసు. కొనగలిగినవాళ్లు వద్దంటే అది ఆదర్శం. నేను వద్దంటే, పాపం, లేక అంటారు. ఒకే చీర, ఒకే మాట. ఆమె నోట్లో గొప్ప, నా నోట్లో సాకు.

తర్వాతి ఆదివారం నేనూ అమ్మా గద్వాల పోయాం. అవ్వ ఫోటో గోడ మీద నుంచి దించి, తువ్వాల చుట్టి, సంచిలో పెట్టుకున్నాను. ఎవరో చెప్పిన నేత ఇల్లు వెతికి పట్టుకున్నాం. మగ్గాలు లోపలి అర్రలో, అమ్మకం ముందు అర్రలో. ఇంటావిడ మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, ఫోటోను వెలుతురుకు పట్టి చూసింది.

"కోటకొమ్మలు. మంచి పని. గిట్లాంటి జరీ ఇప్పుడు నేస్తె శానా పిరమైతది తల్లీ."

"జరీ వద్దు" అన్నాను. "పట్టు కూడా వద్దు. ఒళ్లూ అంచూ అంతా నూలే. తెల్లటి ఒళ్లు, బ్లీచింగు పెట్టని నూలు. అంచుకు ఎరుపు కావాలి, వేళ్లూ బెరడూ ఉడికించి తీసే చెట్టు రంగు, మందుల రంగు వద్దు. అంచులో మాత్రం ఇవే కోటకొమ్మలు."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. కళ్లలో మర్యాద కనబడింది.

"మీలాంటోళ్లు గిప్పుడు మస్తుగ వస్తున్నరు తల్లీ. హైదరాబాదుకెల్లి కార్లల్ల వస్తరు. పైసలుండి సుత సాదా చీరనే గావాలంటరు. మాకు గదే నచ్చుతది."

నేను వెన్ను నిటారుగా చేసుకొని కూర్చున్నాను. కాదని చెప్పలేదు. ఆ క్షణం చాలా బాగుంది. అంతలో అమ్మ అందుకుంది.

"మేం బస్సుల వచ్చినం చెల్లె. ఎండల నడుసుకుంట వచ్చినం. జర సూసి తక్కువ చెయ్యి."

ఇంటావిడ నవ్వింది, కొంత తగ్గించింది, లోపలికి పోయి మాకు మజ్జిగ కూడా తెచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మతో జడ్చర్ల దాకా మాట్లాడలేదు.

"ఏం జేసిన నేను?" అంది అమ్మ. "బస్సుల రాలేదా మనం?"

మంత్రసాని మనుమరాలి లగ్గం మా ఊరి చర్చిలోనే జరిగింది. నేనూ అమ్మా పోయాం. పోకపోతే పటేలు ఇంటివాళ్లు రాలేదంటారు. వెనక వరసలో ఆడవాళ్ల పక్కన కూర్చున్నాం. పాట మొదలైంది, అందరూ లేచి నిలబడ్డారు. తండ్రి చేయి పట్టుకొని ఆమె నడిచి వచ్చింది. తలమీద సన్నటి ముసుగు, చేతిలో పూలు. వాళ్లలో పెళ్లికూతురు తెల్లచీరే కడుతుంది.

ఆమె నా పక్కనుంచి నడిచింది. ముందు అంచు కనబడింది. తర్వాత కొంగు. నేను చిన్నప్పటి నుంచి గోడ మీద చూసిన కోటకొమ్మలు, ఈసారి ఎర్రగా, జరీ మెరుస్తూ, నా మోకాలికి తగులుతూ పోయాయి. ఫోటోలో నల్లగా ఉండే అంచు ఎరుపని నాకు ఆ రోజే తెలిసింది. మడతల దగ్గర నూలు చిరిగిన చోట ఎవరో తెల్లదారంతో సన్నగా కుట్టారు. అమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది. ఆమె కూడా గుర్తుపట్టింది.

ప్రార్థనలో ఏం చదివారో నాకు తెలియదు. ఆ చీర ఆమె ఒంటి మీద ఎలా నిలిచిందో మాత్రం తెలుసు. నాకంటే ఆమె పొడవు. అవ్వ కూడా పొడవే. నాకైతే కుచ్చిళ్ల దగ్గర ఎత్తి దోపాల్సి వచ్చేది. అది కూడా ఓర్వలేకపోయాను.

బయట షామియానా కింద భోజనాలు పెట్టారు. మంత్రసాని ముసలమ్మ కుర్చీలో కూర్చొని వచ్చిన ప్రతివాళ్లనూ పలకరిస్తోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

"దా చిన్న దొరసాని, దా. గీడ కూసో. మొకం గట్లున్నదేంది? బువ్వ తినలేదా?"

"ఆ చీర మా అవ్వది" అన్నాను.

"అవును మీ అవ్వదే. లగ్గం చీర. నా తాన ఎట్లున్నదని సూస్తున్నవా? గోడ దుంకి ఎత్కపోయిన్ననుకున్నవా?" బోసినోటితో పకపక నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "నా లగ్గం దగ్గర పడ్డది. ఆ చీర నాకు అమ్ముతావా? ఎంతైనా ఇస్తా" అన్నాను. ఎంతైనా అన్నప్పుడు నా గొంతు తాత గొంతులా వచ్చింది. వెనక ఏమీ లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"అమ్మెటిదైతె ఎన్నడో అమ్మకపోదునా బిడ్డా? జరీ కొనెటోడు మా ఇంటి ముందటికి సుత వచ్చిండు. కత్తెర దీసిండు. పో అన్న." ఆమె నా చెయ్యి పట్టుకొని దగ్గరికి లాక్కుంది. "ఇను. మీ నాయిన పుట్టిన నాడు కాళ్లు ముందుగాల వెట్టిండు. పొద్దు గుంకినా బయటవడడు. మీ అవ్వ పానం పోతున్నదనుకున్నం. పెద్దపటేలు వాకిట్ల నిలవడ్డడు. తల్లిని పిల్లను ఇద్దర్ని నా చేతులవెట్టు, ఏదడిగితె అదిస్త అన్నడు. ఇద్దర్ని వెట్టిన. పురుడు నాడు చాటల బియ్యం వోసి, రైక గుడ్డ తెచ్చిండ్రు. గివి గాదు పటేలా, దొరసాని లగ్గం చీర గావాలన్న."

"అడిగినవా?"

"అడిగిన. ఎందుకడగొద్దు? మీ అవ్వ లగ్గం నాడు దూరంకెల్లి సూసిన గా చీరను. కండ్లల్ల వడ్డది. మీ ముత్తవ్వ నన్ను కొట్టవచ్చింది. పెద్దపటేలు ఆమెను ఆపిండు. తెచ్చియ్యిండ్రి అన్నడు. మీ అవ్వనే మడతవెట్టి తెచ్చింది. చేతికియ్యలె, చాటల వెట్టి ముందటికి జరిపింది. గప్పుడు గంతే గద."

"మరి కట్టుకున్నవా?"

"నేను కట్టుకొని బజార్ల నడిస్తె మీ ఇంటోళ్లు బతకనిత్తురా? ఏటేటా ఎండకు ఆరేసుడు, మల్ల పెట్టెల వెట్టుడు. మా కోడలు సుత కట్టలె. గీ పోరి కట్టింది. ఇగో, ఇయ్యాల మా ఇంట్ల ఒకలు కట్టంగ సూసిన."

అప్పుడే పెళ్లికూతురు భర్త పక్కనుంచి లేచి మా దగ్గరికి వచ్చింది. చెమటతో ముసుగు జారిపోయింది. వాళ్లవ్వ ఏం చెప్పిందో మొహాలు చూసి అర్థం చేసుకుంది.

"నీకు మస్తు మనసైతున్నది గదా? తీస్కపో. ఉతికి పంపుత. నీ లగ్గం నాడు కట్టుకొని తర్వాత ఇయ్యి. మీ అవ్వ చీరనే గదా, ఇండ్ల సిగ్గేంది?"

నిజంగానే అంది. మాటలో ఎక్కడా వెక్కిరింత లేదు. వెక్కిరించి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఒక్క మాట, "సరే" అంటే చాలు, నేను నెలల తరబడి కోరుకున్న చీర నా ఒంటి మీదికి వస్తుంది. చుట్టాలు బొటనవేలితో అంచు రుద్ది నోరు మూసుకుంటారు. నా కళ్లు అంచు మీదే ఉన్నాయి.

"మా ఇంట్లో ఒకసారి ఇచ్చింతర్వాత మళ్లీ చెయ్యి చాపం" అన్నాను. "పెద్దపటేలు ఇచ్చిన మాట అది. ఒక్క రోజుకు కూడా వెనక్కి తీసుకోను."

ముసలమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "గదీ! అచ్చం పెద్దపటేలే. ఇంట్ల పొయ్యి రాజకున్నా మీసం మీదికెల్లి చెయ్యి దియ్యడు!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను చెప్పింది నిజమే. ముత్తాత మాటను నేను తప్పలేను. కానీ అదొక్కటే కాదు. ఊరందరూ ఆమె ఒంటి మీద చూసిన చీరను, ఆమె ఉతికి పంపితే, ఆమె తర్వాత నేను కట్టడం. మా అవ్వ చీరను ఆమె దగ్గర అడుక్కొని కట్టిందని జనం అనడం. చీర లేకపోయినా ఉండగలను, అది వింటూ ఉండలేను.

నా లగ్గానికి గద్వాలలో నేయించిన చీరే కట్టాను. తెల్లటి ఒళ్లు, మట్టి ఎరుపు అంచు, జరీ లేని కోటకొమ్మలు. తలంబ్రాలకు ముందే, మా ఊళ్లోనే ఉండే వరస మేనత్త ఒకావిడ అంచు పట్టుకొని బొటనవేలితో రుద్దింది.

"ఏందే, జరీ లేనే లేదు?"

"మందుల రంగులు లేవత్తా. చెట్టు రంగు. నీళ్లు పాడు కావు."

"గట్లనా" అని అంచు వదిలేసింది. పక్కావిడ వైపు తిరిగి కళ్లతో ఏదో అంది. ఆ ఇద్దరే కొద్ది రోజుల కింద ఆ లగ్గం చూసి చర్చి నుంచి వస్తూ, నౌకరి చేసే పిల్ల అయి ఉండి పాత చీర కట్టుకుంది, ఎంత మంచి గుణం అని తొవ్వ పొడుగునా మెచ్చుకున్నారు. నేను వాళ్ల వెనకాలే నడిచాను, అంతా విన్నాను.

ఆమె కూడా వచ్చింది, భర్తతో. అక్షింతలు వేసి, వంగి, నా అంచు పట్టుకొని చూసింది. రుద్దలేదు.

"కోటకొమ్మలు వేయించినవ్" అంది మెల్లగా. "నాది రేపో మాపో పిగిలిపోతది. నీది గట్టిగున్నది. నీ మనుమరాలు సుత కట్టుకుంటది."

అమ్మ కాక, అక్కడున్నవాళ్లలో ఆ కోటకొమ్మలు ఎక్కడివో గుర్తుపట్టింది ఆమె ఒక్కతే. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే నేను సంతోషపడేదాన్ని. ఆమె అనడం వల్ల పడలేకపోయాను. ఇప్పటికీ మా అమ్మగారింటికి పోతే, వాన వెలిసి ఎండ కాసిన రోజుల్లో, పెరట్లోకి పోయి వాళ్ల మిద్దె వైపు చూస్తాను. ఏడాదికొకసారి ఆ చీర అక్కడ ఆరేసి ఉంటుంది.

నా చీర ఖరీదు అవ్వ టేకు పెట్టె అమ్మి కట్టాం. సూర్యాపేట నుంచి వచ్చిన పాత సామాన్ల వ్యాపారి దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకొని పోయాడు. ఇత్తడి రేకులకు విడిగా తూకం కట్టాడు.